మీ విజయానికి అడ్డం మీరేనట!

అమీర్‌పేటలో మెట్రో స్టేషన్ దగ్గర ఒక ఫ్లెక్సీ వెలిసింది. అందులో కోటు వేసుకున్న ఒకాయన చేతులు కట్టుకుని, కాస్త పక్కకి తిరిగి, కిందనుంచి పోతున్న జనం మీద జాలిపడుతూ నవ్వుతున్నాడు. ఆయన తల పక్కన పెద్ద పసుపు అక్షరాల్లో ‘మీ విజయానికి అడ్డం మీరే!’ అని రాసుంది. చిన్న వ్యాపారులకు, కళాకారులకు, ఫ్రీలాన్సర్లకు ఉచిత సదస్సట. మైండ్‌సెట్ మారితే మార్కెట్ మారుతుందట. సీట్లు పరిమితమట.

చిన్న వ్యాపారం దెబ్బతినడానికి పెట్టుబడి చాలకపోవడం, అద్దె పెరగడం, సరుకు పట్టుకెళ్లినవాడు డబ్బివ్వకపోవడం లాంటివి కారణాలని ఇన్నాళ్లూ అమాయకంగా నమ్ముతూ వచ్చాం. అవేవీ కాదట. లేత్ మిషన్ నడిపేవాడు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి చన్నీళ్లు పోసుకోకపోవడమే అసలు కారణమట. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్నవాడు తన కలల్ని డైరీలో రాసుకోకపోవడమట. పెళ్లి ఫోటోగ్రాఫర్ అద్దంలో చూసుకుని ‘నేను గెలుపుని’ అనుకోకపోవడమట. దేశ ఆర్థిక వ్యవస్థ ఇంత తేలికైన విషయమని తెలియక ఆర్థికవేత్తలు అనవసరంగా జుట్టు పోగొట్టుకుంటున్నారు.

బాలానగర్‌లో రెండు లేత్ మిషన్లు పెట్టుకుని పెద్ద కంపెనీలకు బుష్‌లూ షాఫ్టులూ చేసిచ్చే మిత్రుడొకడు ఉన్నాడు నాకు. ‘ఫ్రీ రా, భోజనం కూడా ఉందట’ అని ఒక ఆదివారం నన్నూ లాక్కెళ్లాడు. ఏసీ ఫంక్షన్ హాలు. తలుపు దగ్గర మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలు పేరు, ఫోన్ నంబరు, ‘మీ కల ఏమిటి?’ అనే కాగితం నింపించి లోపలికి పంపుతున్నారు. కల దగ్గర మావాడు ‘ఆగస్టు బిల్లు’ అని రాశాడు.

కోచ్ గారు చెవి దగ్గర మొదలై బుగ్గ మీదికి వంగిన మైకుతో వేదిక మీదికి పరిగెత్తుకుంటూ వచ్చారు. పూర్వాశ్రమంలో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవారట. గుడ్ మార్నింగ్ అన్నారు. మేమూ అన్నాం. ఎనర్జీ లేదన్నారు. మళ్లీ అన్నాం. ఇంకా లేదన్నారు. పక్కవాళ్లని కావలించుకుని ‘నువ్వు సింహానివి’ అని చెప్పమన్నారు. నా పక్కనున్న పచ్చళ్ల వ్యాపారం చేసే అక్క కావలించుకునే ప్రతిపాదనని కంటిచూపుతోనే తోసిపుచ్చింది. నేను దూరం నుంచే ఆమెని సింహం అన్నాను. ‘అలాగే బాబూ’ అంది.

తర్వాత గరాజ్ కథ. ఈ కథ లేకుండా ఇలాంటి సదస్సు జరిగినట్టు చరిత్రలో దాఖలా లేదు. అమెరికాలో ఒకాయన గరాజ్‌లో మొదలుపెట్టి ప్రపంచ కుబేరుడయ్యాడు, మరి మీకేమైంది? ఆ హాల్లో సగంమందికి గరాజ్ సంగతి దేవుడెరుగు, బండి పెట్టుకోవడానికి చోటు లేక వాచ్‌మన్‌తో పోట్లాడి వచ్చారు. అమెజాన్ గరాజ్‌లో పుట్టిన మాట నిజమే. 1995లో దాన్ని మొదలుపెట్టిన జెఫ్ బెజోస్ తల్లిదండ్రులు అందులో దాదాపు 2.5 లక్షల డాలర్లు పెట్టిన మాటా నిజమే. స్లైడ్ మీద గరాజ్ బొమ్మ పట్టింది కానీ అమ్మానాన్నల చెక్కు బొమ్మకి చోటు చాలలేదు. బాలానగర్ మిత్రుడికి వాళ్ల నాన్న పెట్టిన పెట్టుబడి ‘ముందు ఉద్యోగం చూసుకోరా’ అన్న సలహా ఒక్కటే.

ఇక అసలు ఘట్టం. సమస్య ఉన్నవాళ్లు చెయ్యెత్తండి అన్నారు కోచ్ గారు. ఒక కుర్ర ఫోటోగ్రాఫర్ ఎత్తాడు. పాపం, సమస్య చెబితే పరిష్కారం చెబుతారనుకున్నాడు. స్టేజీ మీదికి పిలిచారు.

‘సార్, మాఘమాసంలో చేసిన పెళ్లిళ్ల బ్యాలెన్స్ ఇంకా రాలేదు సార్.’

కోచ్ గారు కళ్లు మూసుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. ‘విన్నారా? రాలేదు అన్నాడు. మనం రాలేదు అంటే విశ్వం కూడా రాలేదు అంటుంది. వస్తోంది అనండి.’

‘వస్తోంది సార్.’

‘గట్టిగా!’

‘వస్తోంది!’

‘అందరూ!’

హాలు హాలంతా లేచి నిలబడి వస్తోంది, వస్తోంది అని అరిచింది. ఆ ఊపులో మావాడు కూడా అరిచాడు. ఆగస్టు బిల్లు గుర్తొచ్చి ఉంటుంది, గొంతు జీరబోయింది. కోచ్ గారు కుర్రాడి భుజం మీద చెయ్యి వేసి ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ డబ్బుని చూడమన్నారు.

‘ఏం కనిపిస్తోంది?’

‘చెక్కు కనిపిస్తోంది సార్.’

‘వెరీ గుడ్! ఇంకా లోతుగా చూడు.’

‘బౌన్స్ అయినట్టు కనిపిస్తోంది సార్.’

ఆ కుర్రాడిలో డబ్బంటే భయం చిన్నప్పటినుంచీ పేరుకుపోయిందని, అందుకే డబ్బు అతని దగ్గరికి రావడానికి జంకుతోందని కోచ్ గారు నిర్ధారించారు. పెళ్లి కూతురి మేనమామ ఫోన్ ఎత్తకపోవడం అందులో ఒక అంశం కావొచ్చని ఎవరికీ తట్టలేదు. ఆల్బమ్ చేతికిచ్చేశావా అని పచ్చళ్ల అక్క మాత్రం కింద కూర్చునే అడిగింది. ఇచ్చేశానన్నట్టు కుర్రాడు తలూపాడు. ‘ఇంకెక్కడి డబ్బులు నాయనా’ అని ఆమె నిట్టూర్చింది. ఆ రోజు మొత్తంలో ఆ హాల్లో పలికిన ఏకైక వ్యాపార సూత్రం అదే. దానికి మైకు లేదు.

ఈలోగా వెనక తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. చేతిలో మడత పెట్టిన బిల్లు పుస్తకం, చొక్కా మీద ఇంకు మరక. అతను సదస్సుకి వచ్చినవాడు కాదు. సదస్సు ఫ్లెక్సీలు వేసినవాడు. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచ్ గారి నవ్వుని ప్రింటు చేసి, కర్రలు కట్టించి, అర్ధరాత్రి ఎక్కించి, బ్యాలెన్స్ కోసం వచ్చాడు. ట్యాగు వేసుకున్న పిల్ల అతని మాట పూర్తిగా వినకుండా ‘లేట్ అయ్యారు సార్, రండి రండి’ అని వెనక వరసలో కూర్చోబెట్టింది. కూర్చున్నాడు. అతని పక్కవాడు లేచి అతన్ని కావలించుకుని నువ్వు సింహానివన్నాడు. బిల్లు సంగతి చెప్పబోయేసరికి మళ్లీ హాలంతా లేచింది. అందరూ వస్తోంది, వస్తోంది అంటున్నారు. బహుశా తన డబ్బు గురించే అంటున్నారని అనుకున్నాడేమో, అతనూ చెయ్యెత్తి వస్తోంది అన్నాడు. భోజనాల వేళకి అతని చేతిలో బిల్లు పుస్తకం అలాగే ఉంది, దానికి తోడు 24,999 రూపాయల డైమండ్ కోర్సు దరఖాస్తు వచ్చి చేరింది. జీఎస్టీ అదనం. మొత్తం ముందే కట్టాలి. వాయిదాలు లేవు. కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు.

ఈ ఆఖరి షరతుల్ని మాత్రం కాగితం మీద నుంచి కత్తిరించి ప్రతి చిన్న వ్యాపారీ ఫ్రేము కట్టించుకోవాలి. కోచ్ గారి వ్యాపార రహస్యం అంతా అందులోనే ఉంది. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఆయన చెప్పినదాంట్లో ఆయన స్వయంగా పాటించే ముక్క అదొక్కటే. పచ్చళ్ల అక్క కూడా అంతే. ఫోన్‌కి డబ్బు పడిన మెసేజ్ రానిదే ఆవకాయ సీసా మూత బిగించదు. అమెరికాలో ఉన్న సొంత ఆడపడుచు అడిగినా సరే, ముందు డబ్బు, తర్వాతే పార్సిల్. ఆ హాల్లో నిశ్చింతగా భోంచేసినవాళ్లు వీళ్లిద్దరే. ‘అరువు రేపు’ అని బోర్డు కట్టుకున్న ప్రతి కిరాణా కొట్టువాడికీ తెలిసిన సంగతే ఇది. పెద్ద కంపెనీలు అదే బోర్డుని తిరగేసి కట్టుకున్నాయి: నేడు సరుకు, డబ్బు రేపు.

సరుకు తన చేతిలో ఉన్నంతసేపే చిన్నవాడికి మర్యాద. సినిమా షూటింగుల్లో జనరేటర్ ఆపరేటర్‌కి జీతం ఎగ్గొట్టడానికి ఏ మేనేజరూ సాహసించడు, అతను స్విచ్ కిందికి అంటే హీరో ముఖం చీకట్లో కలిసిపోతుంది కాబట్టి. అదే కృష్ణానగర్‌లో ఎడిటింగ్ చేసే కుర్రాడు హార్డ్ డిస్క్ అప్పజెప్పిన మరుక్షణం నుంచి అందరికీ తమ్ముడు అయిపోతాడు. ‘మనం మనం ఒకటి తమ్ముడూ. నీకు పేరొస్తుంది చూడు.’ వస్తుంది కూడా. సినిమా ఆఖర్లో, జనం చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు, ప్రత్యేక కృతజ్ఞతల జాబితాలో, అక్షరదోషంతో. బొమ్మ గీసేవాడికి, పాట రాసేవాడికి, పోస్టర్ డిజైన్ చేసేవాడికి ఈ ‘పేరొస్తుంది’ జీతం తరతరాలుగా చెల్లుతూనే ఉంది. ఒక్క సంగతి గమనించండి. పేరొస్తుందని చెప్పేవాడు తన ఇంటికి ప్లంబర్‌ని పిలిచినప్పుడు ఆ మాట అనడు.

నిరుత్సాహపడొద్దని మధ్యాహ్నం సెషన్‌లో, చేనేతవాళ్ల కోసం ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి ఫోటో వేశారు. ‘నెవర్ గివ్ అప్’ అని కింద ఇంగ్లిష్ అక్షరాలు. నాకు అక్కడ కొంచెం మండింది. ఆసు అంటే చీర నేసేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పి పోసే పని. ఆ మనిషి దానికి యంత్రం చేసింది ఏ కోచ్ మాటలో విని ఉత్సాహం పొంగిపొర్లి కాదు. వాళ్లమ్మ లక్ష్మి గారు ఒక్క చీరకి ఆసు పోయడానికి చేతిని 9,000 సార్లు ఆ మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పాలి, రోజుకి రెండు చీరలు. ఆమె భుజం పడిపోతుంటే చూడలేక చేశాడు. మొదలుపెట్టింది 1992లో, పూర్తయింది 1999లో. ఆ ఏడేళ్లలో లేనిది మైండ్‌సెట్ కాదు, డబ్బు. అప్పులు చేసి, ఊళ్లో నవ్వులపాలై, హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ, కూలి డబ్బుతో విడిభాగాలు కొని చేశాడు. తర్వాత ఇలాంటి పల్లె ఆవిష్కర్తలకి అండగా ఉండే పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు తోడు నిలిచాయి. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులుంటే ఆ ఏడేళ్లు రెండేళ్లయ్యేవేమో, ఆ తల్లి భుజానికి అయిదేళ్ల నొప్పి తప్పేదేమో. ఆ లెక్క వెయ్యకుండా ఆయన కష్టాన్ని స్లైడ్ మీద పెట్టి, మగ్గం నేసే పిల్లవాడికి చూపించి, నీకు పట్టుదల లేదని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

చిన్నవాడికి రావాల్సిన డబ్బు ఇప్పించడానికి మన దగ్గర చట్టాలు లేక కాదు. కొదవే లేదు. చిన్న పరిశ్రమల కోసం 2006లో చట్టం తెచ్చారు. సరుకు తీసుకున్నవాడు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత లాగినా 45 రోజుల్లో డబ్బివ్వాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ రేటుకి మూడింతల చొప్పున, నెలనెలా లెక్కగట్టి చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకి కౌన్సిల్ ఉంది, అది 90 రోజుల్లో తేల్చాలి. దాని తీర్పు మీద కోర్టుకెళ్లాలనుకున్న కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చెయ్యాలి. ఇంట్లో కూర్చుని ఫిర్యాదు పెట్టుకోమని 2017లో సమాధాన్ పోర్టల్ కూడా పెట్టారు. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి. ఇన్ని ఆయుధాలు చేతికిచ్చినా చిన్నవాడు యుద్ధానికి వెళ్లడేమిటని అధికారులు ఆశ్చర్యపోతూ ఉంటారు. వాడికి ఉన్నది ముగ్గురు కస్టమర్లు. ఒకడి మీద ఫిర్యాదు పెడితే ఆ వారమే వెండర్ లిస్టులో పేరు మాయమవుతుంది. మిగతా ఇద్దరికీ ఈ సంగతి టీ తాగేలోపు తెలుస్తుంది. చక్రవడ్డీ గెలుచుకుని షెడ్డుకి తాళం వేసుకోవాలి.

పోనీ ఫిర్యాదు అవసరం లేకుండా చేద్దామని 2023లో అప్పటి ఆదాయపన్ను చట్టంలో 43బి(హెచ్) అని ఒక కొత్త నిబంధన పెట్టారు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా డబ్బివ్వకపోతే, చెల్లించేదాకా కొన్నవాడిని ఆ ఖర్చుని పన్ను లెక్కలో లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. వెంటనే వ్యాపార సంఘాల నుంచి గగ్గోలు. మా దగ్గర కొనడం మానేస్తామంటున్నారు మహాప్రభో అని చిన్నవాళ్లే మొత్తుకున్నారు. అంటే సకాలంలో డబ్బివ్వడం కన్నా, సకాలంలో అడిగే హక్కు లేనివాడిని వెతుక్కోవడం తేలిక అన్నమాట. పైగా ఉత్పత్తి, సేవల వాళ్లకే ఈ రక్షణ. సరుకు కొని అమ్ముకునే కొట్టువాళ్లకి చిన్న సంస్థగా నమోదు చేసే ఉద్యమ్ నంబరు ఇచ్చారు కానీ ఈ 45 రోజుల హక్కు ఇవ్వలేదు.

ఇప్పుడు మావాడి ఆగస్టు బిల్లు సంగతి. లక్ష రూపాయల సరుకు, పద్దెనిమిది వేలు జీఎస్టీ. కంపెనీ డబ్బివ్వలేదు. అయినా బిల్లు వేశాడు కాబట్టి మరుసటి నెల ఇరవయ్యో తారీఖుకల్లా ఆ పద్దెనిమిది వేలు సర్కారుకి కట్టాలి. రాని డబ్బు మీద పన్ను ఎక్కడినుంచి తెస్తాడు? చిట్టీ పాడాడు, నష్టానికి. కట్టడం ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ, దయాదాక్షిణ్యాలు లేవు, పోర్టలే లెక్కగట్టి చూపిస్తుంది. అటు కొన్న కంపెనీ ఏం చేసింది? మావాడు కట్టిన పద్దెనిమిది వేలని తన ఖాతాలో ఇన్‌పుట్ క్రెడిట్ కింద వేసుకుని తన పన్నులోంచి తగ్గించుకుంది. సరుకు తీసుకుంది, పన్ను లాభం తీసుకుంది, డబ్బు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోయినా 180 రోజుల దాకా ఆ క్రెడిట్ జోలికి ఎవరూ రారు. ఒక చట్టం 45 రోజులంటుంది, ఇంకో చట్టం 180 రోజులు ఓపిక పడుతుంది. రెండూ ఒకే పార్లమెంటు చేసినవే.

సిగ్గుండాలి. ఒక్కరికి కాదు, అందరికీ. రెండు మిషన్ల షెడ్డువాడు చిట్టీ పాడి తెచ్చిన డబ్బుతో వేల కోట్ల టర్నోవర్ కంపెనీకి వడ్డీలేని అప్పు ఇస్తున్నాడు, ఆ కంపెనీ వార్షిక నివేదికలో దాన్ని ‘వర్కింగ్ క్యాపిటల్ నిర్వహణలో ప్రతిభ’ అని రాసుకుంటోంది. అకౌంట్స్ సెక్షన్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడికి నీళ్లు కూడా ఇవ్వరు. సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. పేమెంట్ రన్ గురువారం అంటారు. గురువారం వెళితే సరుకు అందినట్టు రాసే జీఆర్ఎన్ నంబరు లేదంటారు. అది వెయ్యాల్సింది వాళ్ల స్టోర్స్ వాళ్లే! ఆర్నెల్లు అలా తిరిగి, రెండు కిస్తీలు తప్పి, హెల్పర్‌ని మాన్పించి, చివరికి షెడ్డు ఖాళీ చేసిన మనిషిని చూపించి వీడికి విజన్ లేదు అంటారా? ప్రభుత్వ శాఖలేమైనా తక్కువ తిన్నాయా? చిన్న కాంట్రాక్టర్ల పెండింగ్ బిల్లుల గోల ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆగదు, కేవలం ధర్నా చేసే జెండా రంగు మారుతుంది. ప్రభుత్వాలే ఇలా ఉంటే అదే ప్రభుత్వం పెట్టిన కౌన్సిల్ ముందు నిలబడి ఎవడు న్యాయం అడుగుతాడు?

సరే, మైండ్‌సెట్ శిక్షణ పనికిరాదని నేననను. సదస్సు మంచిదే, పిలవాల్సినవాళ్లని పిలవలేదంతే. అదే హాల్లో, అదే కోచ్ గారితో, రెండో విడత పెడదాం. పర్చేజ్ మేనేజర్లు, ఫైనాన్స్ డైరెక్టర్లు, ప్రొడక్షన్ మేనేజర్లు, ఈవెంట్ల వాళ్లు, బిల్లు మీద సంతకం పెట్టాల్సిన సెక్షన్ ఆఫీసర్లు, పెళ్లికూతుళ్ల మేనమామలు, వీళ్లకి మాత్రమే ప్రవేశం. తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి చన్నీళ్లు పోయించాలి. పక్కవాళ్లని కావలించుకుని ‘నువ్వు బాకీ ఉన్నావు’ అని చెప్పించాలి. ‘ఇవ్వలేకపోయాం’ అన్నవాడిని వెంటనే ఆపి ‘ఇస్తున్నాం’ అనిపించాలి. గట్టిగా, అందరి చేతా. ‘సార్ టూర్‌లో ఉన్నారు’ అనేది చిన్నప్పటినుంచీ పేరుకుపోయిన భయమని వివరించాలి. కళ్లు మూయించి రిసెప్షన్‌లో పొద్దున పదింటినుంచీ కూర్చున్న మనిషిని ఊహించుకోమనాలి. ఏ రంగు చొక్కా వేసుకున్నాడు? సంచిలో టిఫిన్ డబ్బా ఉందా? ఎన్ని బస్సులు మారి వచ్చాడు? చెప్పలేకపోతే చెప్పేదాకా కళ్లు తెరవనివ్వకూడదు.

భోజనాలు మాత్రం ఘనంగా పెట్టాలి, ఆ వంటవాళ్లకి ముందే డబ్బు కట్టి. హాలు తలుపు దగ్గర ఫ్లెక్సీ అతన్ని కూర్చోబెడదాం, బిల్లు పుస్తకంతో సహా. ఎవరు ఎవరికి ఎంత బాకీనో అతను లోపలికి వచ్చేటప్పుడే రాసుకుంటాడు. బాకీ పంపినట్టు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబరు చూపించినవాడికే ప్లేటు. సిస్టమ్ డౌన్ అయిందన్నవాడికి మజ్జిగ కూడా పొయ్యొద్దు.